పీటల మీద కూర్చుని చూడండి: ఏ పెళ్లిచీర ఎవరికి, ఏ పూటకి

ఆమధ్య వైశాఖంలో అంబాజీపేట దగ్గర ఒక పెళ్లికి చీర కట్టడానికి వెళ్లాను. ముహూర్తం అర్ధరాత్రి దాటాక. గౌరీపూజకు కట్టిన కంచిపట్టు కిలో పైచిలుకు ఉంటుంది. దాని మీద వడ్డాణం, వెనక పూలజడ. గంపలోంచి దింపి పీటల మీద కూర్చోబెట్టిన అరగంటకే పెళ్లికూతురు తల వంచుకునే అంది, “పిన్నీ, నాడా కాస్త వదులు చేస్తావా, ఊపిరాడట్లేదు.” పురోహితుడు మంత్రం ఆపడు, వీడియో అతను లైటు తీయడు. అందరి ముందు నేనెలా వదులు చేస్తాను? మధుపర్కాలు కట్టుకోవడానికి లోపలికి వచ్చినప్పుడు చూస్తే నడుం చుట్టూ నాడా అచ్చు ఎర్రగా పడి ఉంది.

ఆ చీరకు వంక పెట్టడానికి లేదు. కానీ కొన్న రోజున ఆ పిల్ల దాన్ని ఏసీ షాపులో, భుజం మీద వేసుకుని, అద్దం ముందు నిలబడి చూసుకుంది. మన పెళ్లి చాలా వరకు కూర్చునే జరుగుతుంది. అదీ బాసింపట్టు వేసుకుని, హోమం పక్కన.

పదిహేనేళ్లుగా కోనసీమ ఊళ్లలో పెళ్లికూతుళ్లకు చీరలు కడుతున్నాను. నాకు అర్థమైంది ఒకటే: చీరను పూటను బట్టి ఎంచుకోవాలి. ఎక్కువసేపు కూర్చునే పూటకి తేలికది, కాసేపు నిలబడే పూటకి బరువైనది. చాలా ఇళ్లలో దీనికి సరిగ్గా తిరగేసి కొంటారు.

ముందు పూటలు లెక్కపెట్టుకోండి

షాపుకు వెళ్లే ముందు ఒక కాగితం మీద రాసుకోండి. నలుగు, మంగళస్నానం ఒక పూట. అక్కడ పాత నూలుచీరైనా చాలు, పసుపు, నూనె ఎలాగూ అంటుతాయి. గౌరీపూజ నుంచి జీలకర్ర బెల్లం దాకా పట్టుచీర. తర్వాత చాలా ఇళ్లలో మధుపర్కాలు కట్టుకుని వచ్చి మంగళసూత్రం, తలంబ్రాలు. కొందరు తలంబ్రాల చీరని విడిగా కొంటారు. ఆపైన అత్తింట్లో గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం, ఏదో ఒక సాయంత్రం రిసెప్షన్.

ఒక్కో పూట పక్కన ఎన్ని గంటలో, కూర్చోవడమా నిలబడడమా, ఏసీ హాలా కొబ్బరాకుల పందిరా అని రాయండి. ఈ కాగితం అమ్మకు చూపిస్తే సగం వాదన ఇంట్లోనే తేలిపోతుంది. మిగతా సగం షాపులో ఎలాగూ ఉంటుంది.

ఏం చూడాలి

అందరూ రంగు, అంచు చూస్తారు. నేను మొదట బరువు చూస్తాను. ఏ షాపులోనైనా కాటా ఉంటుంది, మొహమాటం లేకుండా తూయమనండి. తర్వాత గాలి ఆడుతుందా అన్నది. మే నెలలో రాజమండ్రిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. అంతర్వేది, ఉప్పాడ వైపు అంత ఎండ లేకపోయినా ఉక్కపోత చంపేస్తుంది, చెమట ఆరదు. మాఘ ఫాల్గుణాల్లో రాత్రి ముహూర్తమైతే ఈ బాధ పెద్దగా లేదు, ఏ పట్టైనా నడుస్తుంది.

మూడోది, కూర్చుని లేచాక కుచ్చిళ్లు ఏమవుతాయి? కొన్ని బట్టలు లేవగానే మళ్లీ సర్దుకుంటాయి, కొన్ని ఒళ్లో పొట్లంలా ముడుచుకుపోతాయి. నాలుగోది ఒంటి మీద వాలు. బిరుసు పట్టు ఒంటికి దూరంగా నిలబడి మనిషిని నిండుగా చూపిస్తుంది. మెత్తటిది ఒంటిని అంటుకుని జారుతుంది. ఇందులో మంచీ చెడూ లేదు, మీ ఒంటికి ఏది కావాలన్నదే. చివరిది, చీర తిరగేసి చూడడం. దీని గురించి ఉప్పాడ దగ్గర చెబుతాను.

షాపులోనే ఒక పరీక్ష పెట్టండి. చీర చుట్టించుకుని, నేల మీద బాసింపట్టు వేసుకుని పది నిమిషాలు కూర్చోండి. రెండు చేతులూ తల పైకెత్తి తలంబ్రాలు పోస్తున్నట్టు చెయ్యండి. నవ్వేవాళ్లు నవ్వుతారు. తర్వాత చీరను గుమ్మం బయటికి తీసుకెళ్లి పగటి వెలుగులో చూడండి. షాపు లైట్లలో మెరూన్‌గా కనిపించింది బయట ఇటుకరంగు అవడం ఎన్నిసార్లు చూశానో.

కంచిపట్టు

అమ్మలకు పెళ్లిచీరంటే ఇదే. వాళ్ల మాట కొట్టేయలేం. మంచి కంచిపట్టులో అంచునీ చీర ఒంటినీ వేర్వేరు నాడెలతో (అడ్డపోగు నడిపేవి) నేసి కలుపుతారు. చీర మాసినా చిరిగినా ఆ అతుకు ఊడదంటారు. అమ్మ కంచిపట్టుని కూతురు కట్టుకున్న ఇళ్లు మా చుట్టుపక్కలే ఉన్నాయి. కుచ్చిళ్లు పెడితే పెట్టినట్టే నిలుస్తాయి, ఫొటోలో గీత గీసినట్టుంటాయి. సన్నగా ఉన్న పిల్లలకు దీన్ని మించింది లేదు. ఒళ్లు నిండుగా, నిబ్బరంగా కనిపిస్తుంది.

ఇబ్బందల్లా బరువు, వేడి. నిండా జరీ ఉన్న పెళ్లిచీర కిలో దాటొచ్చు. కొంగులో జరీ ఎక్కువ కాబట్టి ఆ బరువు పడేది ఎడమ భుజం మీద. అర్ధరాత్రికి ఆ భుజం పడిపోతుంది, ఫొటోల్లో తెలిసిపోతుంది కూడా. కంచి కావాల్సిందే అంటే బుటాలు (ఒంటి మీద విడివిడిగా నేసే చిన్న పువ్వులు) తక్కువగా ఉండి, జరీ అంచులోనూ కొంగులోనూ మాత్రమే ఉన్నది తీసుకోండి. చూపుకు అంతే గొప్పగా ఉంటుంది, బరువు మాత్రం తగ్గుతుంది.

ధర్మవరం పట్టు గురించి విడిగా చెప్పేది తక్కువ. పెద్ద అంచు, ఒంటికి ఎదురు రంగు అంచు దాని అందం. బరువు, బిరుసు విషయంలో కంచికి దగ్గరగానే ఉంటుంది. పైన చెప్పిన జాగ్రత్తలే.

ఉప్పాడ జమ్‌దానీ

మన పక్కూరిదని పొగడడం లేదు, వేసవి ముహూర్తానికి నేను మొదట చెప్పే పేరు ఇదే. పిఠాపురం దాటితే ఉప్పాడ. 2009లో దీనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. జమ్‌దానీలో ప్రతి పువ్వుకీ వేరే పోగుని చేత్తో పడుగులోకి, అంటే నిలువు పోగుల్లోకి దూర్చి నేస్తారు. ఆ పోగు పువ్వు దగ్గరే మొదలై అక్కడే ఆగిపోతుంది, చీర వెనక అడ్డంగా వేలాడదు. అందుకే చీర తిరగేసినా పువ్వు దాదాపు అలాగే కనిపిస్తుంది.

దీనివల్ల పెళ్లికూతురికి ఒక లాభం ఉంది, షాపుల్లో ఎవరూ చెప్పరు. జాకార్డ్ (మగ్గానికి బిగించి పువ్వులు పడేలా చేసే సాధనం) మీద నేసిన కొన్ని చీరల్లో వెనక పోగులు వేలాడుతూ ఉంటాయి. నడిచేటప్పుడు పట్టీలకీ మెట్టెలకీ అవే తగులుకుంటాయి. ఏడడుగులు నడుస్తుంటే పట్టీ తగులుకుని ఆగిపోయిన పెళ్లికూతురిని చూశాను, తోడిపెళ్లికూతురు వంగి విడదీసింది. ఉప్పాడలో ఆ గొడవ లేదు. పట్టు ఉప్పాడ చాలావరకు అరకిలో అటూ ఇటూ తూగుతుంది. ఒంటి వెంట మెత్తగా జారుతుంది కాబట్టి బొద్దుగా ఉన్నవాళ్లని ఇంకా లావుగా చూపించదు.

లోపాలూ ఉన్నాయి. పల్చని చీర కాబట్టి లోపలి లంగా రంగు చీర రంగుతో కలవకపోతే బయటపడుతుంది. పైన బరువైన వడ్డాణం పెడితే నడుం దగ్గర కుచ్చిళ్లు నలిగి పీలికలా అవుతాయి. సన్నని నడికట్టు చాలు. భుజం దగ్గర పిన్ను లాగి చీర చిరిగే ప్రమాదమూ ఉంది. పిన్ను గుచ్చేచోట కింద చిన్న గుడ్డముక్క మడిచి పెట్టండి, లేదా పిన్నుకు ఒక పూస ఎక్కించండి.

ఇంకొకటి. ఉప్పాడ పేరుతో మరమగ్గం చీరలు చాలా అమ్ముతున్నారు. తిరగేసినప్పుడు పువ్వుల వెనక కత్తిరించిన పోగులు గడ్డిలా కనిపిస్తే అది జమ్‌దానీ కాదు. మగ్గం మీద నేయించుకోవాలంటే నెలల ముందే చెప్పుకోవాలి, పనితనం పెరిగేకొద్దీ రోజులు పెరుగుతాయి. ముహూర్తం పెట్టాక పరుగెత్తితే ఉన్నవాటిలోంచే ఏరుకోవాలి.

గద్వాల, బెనారస్

గద్వాలలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. గాలి ఆడడంలో ఉప్పాడకన్నా మెరుగనే చెప్పాలి, చెమట పీలుస్తుంది. కానీ నూలు కదా, రెండు గంటలు కూర్చుని లేస్తే వెనక ముడతలు. “పట్టుచీర కాదా అది?” అని మేనత్తలు అడుగుతారు. పూర్తి పట్టు గద్వాలలు కూడా ఉన్నాయి, అవి చూపించి నోరు మూయించవచ్చు. నా మటుకు నూలు గద్వాల సత్యనారాయణ వ్రతానికి బాగుంటుంది. పొద్దున పూజ, పొగ, ప్రసాదం, కింద కూర్చోవడం.

బెనారస్ మనవైపు ముహూర్తానికి తక్కువ, రిసెప్షన్‌కి ఎక్కువ. చేత్తో ఒక్కో బుటా విడిగా నేసిన రకంలో వెనక పోగులు ఉండవు, అది ఖరీదు. మామూలు రకంలో వెనక పోగులు ఉంటాయి, పట్టీల కథ గుర్తుపెట్టుకోండి. నిలబడి పలకరించే పూటకి ఇబ్బంది లేదు.

మధుపర్కం: ఎవరూ పట్టించుకోని చీర

లక్ష పెట్టి పట్టుచీర కొన్నవాళ్లు మధుపర్కాన్ని చివరి రోజున పూజాసామాన్లతో పాటు తెప్పిస్తారు. తీరా చూస్తే తాళి కట్టే ఫొటోలో ఉండేది అదే! తెల్లటి ఒళ్లు, ఎర్రటి అంచు, మూలలకు పసుపు. పసుపు రాసిన ముఖానికి, ఎర్రటి బాసికానికి అంతగా నప్పే రంగు ఇంకొకటి నాకు తెలియదు. తేలిక, చల్లదనం, ఖర్చు దేంట్లో చూసినా మిగతావన్నీ దీని వెనకే.

కాకపోతే నాసిరకం తెస్తే గంజి పెట్టి అట్టలా ఉంటుంది, కుచ్చిళ్లు నిలవవు, లోపల ఉన్నవన్నీ కనిపిస్తాయి. అంచు రంగు కారి తెలుపు గులాబీ అయిపోయిన చీరలూ చూశాను. మంచి నూలుది ముందే చూసి కొనండి. అంచు మూల తడిగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూడండి. కింద కట్టే లంగా, జాకెట్టు లైనింగు మీగడ రంగులో ఉండాలి. తెల్లచీర కింద తళతళలాడే తెల్ల లంగా లైట్ల వెలుగులో బయటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పట్టు మధుపర్కాలు కూడా దొరుకుతున్నాయి. చలికాలం పెళ్లికి అవి తీసుకోండి, వేసవిలో నూలే.

చర్చిలో పెళ్లి అయితే

నరసాపురం, పాలకొల్లు, రాజోలు వైపు తెల్ల పట్టుచీర, తలపై వెయిల్‌తో జరిగే పెళ్లిళ్లకు కూడా పిలుస్తారు. అక్కడ లెక్క వేరు: నడవడం, నిలబడడం ఎక్కువ, కింద కూర్చోవడం లేదు. కాబట్టి కాస్త బరువున్న చీరైనా ఫర్వాలేదు. మరీ తెల్లటి తెలుపు కన్నా మీగడ రంగు మన చామనఛాయ ముఖాలకు బాగుంటుంది. వెయిల్‌కి మెరుపు నెట్ బదులు నరసాపురం చేతి అల్లిక లేసు అంచు వేయించుకున్న పెళ్లికూతురిని ఒకసారి చూశాను. ఇప్పటికీ మర్చిపోలేదు.

లెహంగా

రిసెప్షన్‌కి పిల్లలు దీన్నే అడుగుతున్నారు. అద్దెకు తీసుకోండి, కొనకండి. లోపల గుబురుగా నిలబెట్టే నెట్ పొరలతో బరువంతా నడుం మీదే వేలాడుతుంది. చీర బరువు కనీసం భుజమూ నడుమూ పంచుకుంటాయి. కూర్చోవడం కష్టం, కల్యాణమండపం బాత్రూముల్లోకి వెళ్లడం ఇంకా కష్టం. దీని గురించి ఎవరూ ముందుగా మాట్లాడరు, పెళ్లికూతురు మాత్రం సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేస్తుంది. రెండు గంటల స్టేజీకి మాత్రమే అయితే సరే.

ఒక్క చూపులో

| చీర | బరువు | ఉక్కలో | కూర్చుని లేచాక | ఎవరికి బాగుంటుంది | నేనైతే ఏ పూటకి |
|---|---|---|---|---|---|
| కంచి, ధర్మవరం | ఎక్కువ | కష్టం | కుచ్చిళ్లు నిలుస్తాయి | సన్నగా, పొడుగ్గా ఉన్నవాళ్లకి | చలికాలం ముహూర్తం, రిసెప్షన్ |
| ఉప్పాడ పట్టు | తక్కువ | బాగుంటుంది | మళ్లీ సర్దాలి | బొద్దుగా, పొట్టిగా ఉన్నవాళ్లకి | వేసవి గౌరీపూజ, ముహూర్తం |
| గద్వాల నూలు | తక్కువ | చాలా బాగుంటుంది | ముడతలు పడుతుంది | అందరికీ | వ్రతం, గృహప్రవేశం |
| బెనారస్ | మధ్యస్థం నుంచి ఎక్కువ | కష్టం | ఫర్వాలేదు | పొడుగ్గా ఉన్నవాళ్లకి | రిసెప్షన్ |
| నూలు మధుపర్కం | చాలా తక్కువ | చాలా బాగుంటుంది | ముడతలు పడినా కనిపించవు | అందరికీ | మంగళసూత్రం, తలంబ్రాలు |
| లెహంగా | చాలా ఎక్కువ | కష్టం | కూర్చోకపోవడమే మేలు | నిలబడగలిగినవాళ్లకి | రిసెప్షన్ మాత్రమే |

మీ ఒంటికి, మీ పరిస్థితికి

పొట్టిగా ఉన్నవాళ్లకి జానెడు అంచు వద్దు. అంచు మోకాలి దాకా వస్తే మనిషి అక్కడికే ఆగిపోయినట్టు కనిపిస్తుంది. నాలుగు వేళ్ల అంచు, ఒంటికి దగ్గర రంగులో ఉంటే పొడవు వస్తుంది. పొడుగ్గా ఉన్నవాళ్లకి ఇది పూర్తిగా తిరగబడుతుంది, పెద్ద అంచూ ఎదురు రంగూ హాయిగా కట్టొచ్చు. వాళ్లు చూసుకోవాల్సింది పన్నా, అంటే చీర వెడల్పు. చేనేతలో కొన్ని చీరల పన్నా తక్కువ, మడమలు కనిపిస్తాయి. టేపు తీసుకెళ్లి కొలవండి.

బొద్దుగా ఉన్నవాళ్లు టిష్యూ చీరకు (ఒళ్లంతా జరీపోగు కలిపి నేసినది) దూరంగా ఉండండి. ఎంత సర్దినా గాలి నింపినట్టు ఉబ్బుతుంది. జాకెట్టు చీర రంగులోనే ఉంటే నడుం దగ్గర ఒళ్లు రెండు ముక్కలుగా కనిపించదు.

ఛాయ గురించి బంధువులు చెప్పేది ఒక చెవితో విని వదిలేయండి. నల్లగా ఉన్న అమ్మాయికి లేత రంగులే అంటారు. ముదురు ఆకుపచ్చ, వంకాయ రంగు, నిండు కుంకుమ రంగు చామనఛాయ మీద ఎంత మెరుస్తాయో పగటి వెలుగులో పట్టి చూస్తే మీకే తెలుస్తుంది. నల్ల రంగు మాత్రం పీటల మీదికి పెద్దలు ఎలాగూ రానివ్వరు.

అమెరికా నుంచి పది రోజుల సెలవు మీద వచ్చే పిల్లలకు చీర కట్టి నడిచే అలవాటు ఉండదు. వాళ్లకి ఉప్పాడ జారుతుంది, టెన్షన్ పడతారు. తేలికపాటి కంచి తీసుకుని, కుచ్చిళ్లు ముందే మడత పెట్టించి ఇస్త్రీ చేయించుకుంటే నిలబడుతుంది. డబ్బు తక్కువగా ఉన్నవాళ్లు పట్టు పేరుతో పాలిస్టర్ కొనకండి. హోమం దగ్గర నిప్పురవ్వ పడితే అది కరిగి ఒంటికి అంటుకుంటుంది. అదే డబ్బుకు మంచి నూలు మధుపర్కం, ఒక మోస్తరు పట్టుచీర వస్తాయి. బంధువులకు పెట్టే పెట్టుబడి చీరలకైతే రాజమండ్రి తాడితోట, ద్వారపూడి హోల్‌సేల్ షాపులు ఉన్నాయి. పదహారు రోజుల పండక్కి అమలాపురం దగ్గరి బండారులంక నేతచీర కట్టుకుంటే ఒళ్లు హాయిగా ఉంటుంది.

పట్టు, జరీ కనిపెట్టడం

సిల్క్ మార్క్ చీటీ ఉంటే పట్టు అసలుదని అర్థం. అది చేనేతా, జరీ మంచిదా అన్నది ఆ చీటీ చెప్పదు. కొంగు చివర ఒక పోగు లాగి కాలిస్తే పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి పొడి అవుతుంది. పాలిస్టర్ ముద్దగా కరుగుతుంది. జరీపోగుని గోరుతో గీకి చూడండి. అసలు జరీలో వెండితీగకు బంగారు పూత పూసి, ఎర్రటి పట్టుపోగు మీద చుడతారు, కాబట్టి లోపల ఎరుపు కనిపిస్తుంది. రాగి జరీ చవక, తేలికగా కూడా ఉంటుంది, కొన్నాళ్లకు నల్లబడుతుంది. మళ్లీ కట్టే ఉద్దేశం లేకపోతే రాగి జరీ తప్పేం కాదు, కాకపోతే అసలు జరీ రేటు ఇవ్వకండి.

జాకెట్టు, లంగా: సగం సుఖం ఇక్కడే

చీర ఎంత మంచిదైనా జాకెట్టు చంక దగ్గర బిగిస్తే తలంబ్రాలు పోయలేరు. చేయి ఎత్తగానే కుట్టు పటుక్కుమంటుంది. మగ్గం వర్క్ మోచేతి మీదా వీపు మీదా పెట్టించుకోండి, చంక కింద వద్దు, గీసుకుపోతుంది. లైనింగు నూలుదే వేయమనండి. పక్కల్లో రెండేసి వేళ్ల గుడ్డ లోపల వదిలించుకోండి, పెళ్లి హడావిడిలో ఒళ్లు తగ్గుతుందో పెరుగుతుందో చెప్పలేం. ఆఖరి ట్రయల్ వారం ముందు, కూర్చుని.

లంగాకు సన్నని తాడు నాడా వద్దు. రెండు వేళ్ల వెడల్పు నూలు పట్టీ వేయించండి, బరువు పరుచుకుంటుంది. ముడి పక్కకి రావాలి, వడ్డాణం కిందికి కాదు. అంబాజీపేట పెళ్లి తర్వాత నా సంచిలో ఎప్పుడూ అలాంటి లంగాలు రెండు పెట్టుకుంటున్నాను. ఎవరూ అడక్కపోయినా అవే కడతాను.

పెళ్లయ్యాక

తలంబ్రాల పసుపు, నెయ్యి, కుంకుమ అంటిన చీరను కంగారుపడి సబ్బుతో ఉతకకండి. పసుపు మరక మీద సబ్బు పడితే ఎర్రగా తిరుగుతుంది. పట్టుచీరని నీడలో గాలికి ఆరేసి, నెయ్యి మరక ఎక్కడుందో చూపించి డ్రై క్లీనింగ్‌కి ఇవ్వండి. నూలు మధుపర్కాన్ని మాత్రం ఉతికి రెండు మూడు రోజులు మంచి ఎండలో వేస్తే పసుపు తనంతట తానే వెలిసిపోతుంది. మూలల పసుపు ఉండనివ్వాలని కొందరు అమ్మమ్మలు అసలు ఉతకనివ్వరు. అలాంటి ఇంట్లో దాన్ని బాగా ఆరబెట్టి, పట్టుచీరలతో కలపకుండా వేరే గుడ్డసంచిలో పెట్టండి. లేకపోతే వానాకాలం తేమకి ఆ పసుపు పక్క చీరకి దిగుతుంది.